బోర్లించిన గంజుల జిల్లా

ఈ వానాకాలంలో ఒక పొద్దున పరకాల బస్సు కోసం ఘనపూర్‌లో చాయ హోటల్ ముందు కూర్చున్నాను. లోపల గోడకున్న టీవీలో అడుగున అక్షరాలు పరుగెత్తుతున్నాయి. పరుగెత్తే అక్షరాలను పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఆటే. సగం దొరుకుతాయి, సగం జారిపోతాయి. ఆ రోజు మాత్రం ఒక మాట నిండుగా దొరికింది. బునేర్. పాకిస్తాన్‌లోని బునేర్ జిల్లాలో వరదలు అని రాశారు.

నేను గ్లాసు కింద పెట్టి, "అయ్యో, బరందు పొంగినట్టుంది. డగ్గర్‌ల నీళ్ళొచ్చినయో ఏమో" అన్నాను.

ఈ మధ్యే మా ఊరికి వచ్చిన హోటలాయన చాయ వడబోయడం ఆపి నా వైపు చూశాడు. "ఆడ మీ చుట్టాలున్నరా అవ్వా?" అని అడిగాడు. లేరన్నాను. మరి ఆ ఊళ్ళ పేర్లు ఎట్లా తెలుసంటే, నేను చదువుకున్న జిల్లా అదే అన్నాను. ఆయనకు నా మతి మీద అనుమానం వచ్చినట్టుంది. రెండో చాయ అడిగితే, నేను చెప్పకుండానే చక్కెర తగ్గించి ఇచ్చాడు.

బస్సు వచ్చేదాకా, ఆ జిల్లాను మాకు చెప్పిన మా ఊరి ఖాన్ సాబే నా కళ్ళ ముందు ఉన్నాడు. ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. వచ్చినవాళ్ళ పేరు అడగడం బునేర్‌లో తప్పని, వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలని ఆయన చెప్పేవాడు. ఆయన పోయాడు. ఇక ఆయనంతట ఆయన చెప్పే వీలు లేదు కనుక నేనూ చెప్పను.

ఖాన్ సాబ్ బునేర్‌ను ఎన్నడూ చూడలేదు. ఆయన తండ్రీ చూడలేదు. ముత్తాత ఒకాయన నిజాం ఫౌజులో చేరడానికి అక్కడి నుంచి నడిచి వచ్చాడట. ఖాన్ సాబ్ దూరం పోయింది ఒక్కసారే, అజ్మీర్ దర్గాకు. దాని తర్వాత దూరమంటే వరంగల్ దవాఖానే. అయినా ఘనపూర్‌లో ఏ వీధి ఎటు పోతుందో ఆయన తడుముకునేవాడు గానీ, బునేర్‌లో ఏ వాగు ఎక్కడ కలుస్తుందో తడుముకోవడం నేను చూడలేదు.

పెళ్ళిళ్ళకు వంట గంజులు, అంటే పెద్ద పెద్ద పాత్రలు, కిరాయికివ్వడం ఆయన పని. కడిగిన గంజులన్నీ వాకిట్లో బోర్లించి ఉండేవి. అదే బునేర్. అన్నిటికంటే పెద్ద గంజు, నేను వెనక కూర్చుంటే కనబడనంతది, ఇలం కొండ. దానికి ఇటు పక్కన రెండు పప్పు గంజులు, వాటి నడుమ సందు అంబేలా కనుమ. పొడుగాటి గరిటె బరందు నది. మూతలు మక్క చేన్లు. కొండ మీద బర్రెలు కాసే గుజ్జర్లుంటారని చెప్పి, ఎక్కడెక్కడుంటారో చూపించడానికి పెద్ద గంజు మీద ఉల్లిగడ్డలు పెట్టేవాడు. అవి జారి పడేవి. కొండ నిటారుగా ఉంటుందని చెప్పడానికి అది కూడా పనికొచ్చేది.

చెల్పూరు పెళ్ళికి పెద్ద గంజు పోయిందంటే ఆ రోజు పాఠం బంద్. "ఇయ్యాల ఇలం చెల్పూరు పోయింది, రేపు రాండ్రి" అనేవాడు. గంజు అడుగు మాడి వాపస్ వస్తే, ఇలం మీద మంచుండాలె గానీ మసి ఉండొద్దని, తెచ్చినవాళ్ళ చేతనే తోమించేవాడు. మాలాంటి హిందువులు వింటుంటే మాకు పనికొచ్చేది కూడా ఒకటి కలిపేవాడు. ఆ కొండ మీద రాముడు కూర్చున్న రాయి ఉందని, అక్కడి హిందువులు ఎక్కి మొక్కుతారని, కింద పీర్ బాబా దర్గా ఉందని, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకే దారిలో ఎదురు పడతారని. నిజమో కాదో మాకు తెలియదు. గంజు మీద చెయ్యి పెట్టి చెప్పేవాడు కనుక నమ్మేవాళ్ళం.

ఏ మాట వచ్చినా ఆయన దగ్గర ఒకే తూకం రాయి ఉండేది. కరెంటు పోయినా, కూర చప్పగున్నా, అల్లుడు అలిగినా, "బునేర్‌ల గిట్ల గాదు" అనేవాడు. ఆయన ఇల్లాలు బీబమ్మ సన్నగా, మాట తక్కువగా ఉండే మనిషి. కానీ ఆ తక్కువ మాటలోనే కారం ఉండేది. ఒకసారి ఆయన బునేర్ తేనె ఎంత చిక్కగుంటుందో చెబుతుంటే, "ఆడ తేనె మస్తున్నదట, ఈడ ఉప్పు అయిపోయింది. జర లేస్తవా" అంది.

ఆయనకు తెలిసిన బునేర్ ముత్తాత వదిలేసి వచ్చిన బునేర్. ఆ తర్వాత అక్కడ ఒక రాయి కూడా కదలనట్టే చెప్పేవాడు. అక్కడ ఇప్పుడు పాలరాయి గనులున్నాయని, ఆడపిల్లల బడులున్నాయని నాకు తెలిసింది ఆయన పోయాకే.

బునేర్ నుంచి ఆయన వాకిట్లోకి నిజంగా దిగింది ఒకటుంది. హుజ్రా. రోడ్డు వైపు రేకుల గది, నులక మంచాలు, నీళ్ళ కుండ. అది ఇంటిది కాదు, వచ్చిపోయేవాళ్ళది. బస్సు తప్పినవాళ్ళు, భూపాలపల్లి బొగ్గు బాయికి పని కోసం పోతూ ఆగినవాళ్ళు, ఊరూరా తిరిగి చీరలు అమ్మేవాళ్ళు, ఎవరైనా వచ్చి పడుకోవచ్చు. చాయ వచ్చేది. ఎందుకొచ్చావు, ఎప్పుడు పోతావు అని అడిగేది లేదు. శత్రువే వచ్చి చొరబడి కాపాడమన్నా వెళ్ళగొట్టొద్దు. ఇది ఒక కానూన్. ఇంకో కానూన్, హుజ్రాలో ఆడవాళ్ళు అడుగు పెట్టరు. మధ్యాహ్నాలు మా బావ, అంటే మా ఆయన అన్న, ఇంకొందరు మగవాళ్ళు అక్కడే చేరి చాయ తాగుతూ ఊరి సంగతులు తేల్చేవాళ్ళు. ఆ సంగతుల్లో సగం మా ఆడవాళ్ళవే.

మా పెద్దల బడి మొదలైంది ఆ రోజుల్లోనే. నాకు అప్పటికి మనవరాలు పుట్టింది. ఆ పిల్ల పుట్టిన రోజే నాకు చదువు కావాలని తెలిసింది. నా బిడ్డ భూపాలపల్లి దవాఖానలో కాన్పుకు చేరిందని కబురొస్తే, నేను బస్టాండులో ఒకాయన్ను అడిగి బస్సెక్కాను. ఆయన తల ఊపాడు. ఆ ఊపడం చెవి దగ్గరున్న ఫోన్లో మాట్లాడే మనిషికి, నాకు కాదు. అది ములుగు బస్సు. తిరిగి తిరిగి నేను దవాఖాన చేరేసరికి పిల్ల పుట్టి, స్నానం చేసి, పాలు తాగి నిద్రపోతోంది. వియ్యపురాలు దాన్ని ఎత్తుకుని, "ఏంది వదినా, ఎటు పోయి వస్తున్నవు" అంది. ఇంకెప్పుడూ బస్సు బోర్డు ముందు నిలబడి మరొకరి తల వైపు చూడొద్దనుకున్నాను.

పాఠం చెప్పే పిల్ల పేరు స్వప్న. మా ఊరి కోడలే. మొదట బడి వరండాలో కూర్చున్నాం. ఎండాకాలం వచ్చి బడికి తాళం పడ్డాక బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. అక్కడ కోతులు. సంచులు గుంజేవి, బలపాలు నమిలి ఉమ్మేవి. ఒక కోతి నా పలక ఎత్తుకుపోయి మసీదు పక్కింటి గోడ మీద కూర్చుని అటూ ఇటూ తిప్పి చూసింది. నాకంటే అదే శ్రద్ధగా చదివిందని బీబమ్మ అంది. బీబమ్మ కూడా మాతో పాటు బడికి వచ్చేది.

తలుపున్న గది దొరక్కపోతే మా చదువు కేంద్రాన్ని ఎత్తేసి దూరపు ఊరిదానితో కలుపుతారని స్వప్న చెప్పింది. పత్తి చేనుకూ మిరప తోటకూ కూలికి పోయేవాళ్ళం, అంత దూరం ఎవరు పోతారు? అప్పటికి నాకు సగం అక్షరాలే వచ్చాయి. సగం అక్షరాలతో ఏ బస్సు బోర్డూ చదవలేం. ఊళ్ళో ఖాళీగా, తలుపుతో, నీళ్ళ కుండతో సహా ఉన్న గది ఒక్కటే. దాని పేరు అందరికీ తెలుసు, ఎవరూ పలకలేదు.

బీబమ్మే పలికింది. "అడుగుతె లేదంటడు. అడుగకుండ్రి. ఉరికి రాండ్రి" అంది.

మాకు మొదట అర్థం కాలేదు. ఆమె మొగుని కానూన్ మొగుని కంటే ఆమెకే బాగా తెలుసు. కాపాడమని చొరబడినవాళ్ళను బునేర్‌వాడు బయటికి పంపడు. అయితే కాపాడడానికి వెనక ఏదో ఒక ఆపద ఉండాలి గదా. ఆపద చెట్టు మీదే ఉంది.

మర్నాడు నేను కొంగులో అరటిపళ్ళు మూటగట్టుకుని వేపచెట్టు కిందికి పోయి ఒక పండు ఒలిచాను. ఆ తర్వాత ఒలవాల్సిన అవసరం రాలేదు. కోతులు దిగాయి. మేము పలకలు పట్టుకుని ఉరికాం. బీబమ్మ ఆ వయసులో అందరికంటే ముందుంది. హుజ్రాలో మగవాళ్ళు చాయ సాసర్లు పట్టుకుని ఉండగానే మేము లోపలికి పోయాం, వాళ్ళు బయటికి ఉరికారు, మేము తలుపేసుకున్నాం. ఖాన్ సాబ్ కర్ర తీసుకుని గుమ్మం బయట నిలబడి కోతులకు ఎదురు పోయాడు. ఉరుదులో ఏవో తిట్లు తిట్టాడు. లోపల మేము నవ్వు ఆపుకోలేక మంచాల మీద పడ్డాం. కాసేపటికి కిటికీలోంచి చాయ వచ్చింది. ఎవరు, ఎందుకు అని ఒక్క మాట అడగలేదు. మేము పలకలు తీశాం.

రెండో రోజూ అదే. ఆ తర్వాత అరటిపళ్ళు అయిపోయాయి, కోతులు కూడా వేరే వాడకు పోయాయి. అయినా మేము ఉరికాం. ఆ మధ్యాహ్నం ఎండ వాకిట్లో పరుచుకుని, ఈగ కూడా కదలడం లేదు. మా వెనక ఏమీ లేదు. ఖాన్ సాబ్ కర్ర పట్టుకుని ఖాళీ వీధి వంక చాలాసేపు చూశాడు. మా బావ, "ఏవి, కోతులేవి?" అని అడిగాడు.

"బునేర్ కోతులు గిట్లనే కనబడయి" అన్నాడు ఖాన్ సాబ్.

మా బావకు అది నచ్చలేదు. మధ్యాహ్నం కూర్చునే చోటు పోయింది. చాయ ముందు కిటికీలోకి పోయి మిగిలితే బయటికి వస్తోంది. తాము వాకిట్లో నిలబడి ఉంటే లోపల ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోవడం ఇంకా కష్టంగా ఉండి ఉంటుంది. పంచాయితీ పెట్టాలన్నాడు. ఆ మాట విని ఖాన్ సాబ్ ముఖం వెలిగింది. బునేర్‌లో తగువు తీర్చే జిర్గా గురించి ఆయన ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాడు. అందరూ గుండ్రంగా నేల మీదే కూర్చోవాలి, పెద్ద చిన్న ఉండదు, ఒక్కరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు మూసుకోవాలి. ఊళ్ళో ఎవరూ ఆయనకు ఒక్క జిర్గా ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు దొరికింది, అదీ తన మీదే. తానే చాపలు పరిచాడు, తానే అందరినీ గుండ్రంగా సర్దాడు.

మేము పాఠం ఆపి తలుపు సందులోంచి చూస్తున్నాం. స్వప్న గోళ్ళు కొరుక్కుంటోంది. గది ఉందని ఆమె అప్పటికే పైవాళ్ళకు చెప్పేసింది.

"ఏం ఖాన్ సాబ్" అన్నాడు మా బావ, "హుజ్రాల ఆడోళ్ళు అడుగు పెట్టరని చెప్పింది నువ్వే గదా. నీ కానూన్ గంజుల మీదనేనా, ఇంట్ల నడువదా?"

"నడుస్తది" అన్నాడు ఖాన్ సాబ్.

"మరి ఎల్లగొట్టు."

"పానం కాపాడుమని వొచ్చినోళ్ళను ఎల్లగొట్టొద్దని గూడ గదే కానూన్‌ల ఉన్నది."

"దేనికెల్లి కాపాడుతున్నవు? కోతులు పోయి ఎన్నొద్దులాయె?"

"గా మాట అడుగొద్దు గద, ఇంటికొచ్చిన మెహమాన్‌ను. అడుగుతె నేనేం పఠాన్‌ను."

గుండ్రంలో ఎవరో నవ్వారు. మా బావ నవ్వలేదు. రెండు కానూన్లలో ఏదో ఒకటి తప్పుతుంది, ఏది తప్పుతావో చెప్పమన్నాడు. ఏది తప్పినా రేపటి నుంచి బునేర్ ముచ్చట ఈ ఊళ్ళో ఎవరూ వినరని కూడా అన్నాడు. ఆ మాట ఖాన్ సాబ్‌కు తగిలింది. ఆయనకు పొలం లేదు, పదవి లేదు, కొడుకులు దూరంగా ఉన్నారు. ఆయన మాటకు ఊళ్ళో ఉన్న విలువంతా ఆ చూడని జిల్లాదే. తల వంచుకుని చాప పుల్లలు గుంజుతూ కూర్చున్నాడు. లోపల మేము ఒకరి భుజం మీంచి ఒకరం తలుపు సందులోకి వంగాం. బీబమ్మ మాత్రం తలుపుకు ఆనుకుని, మొగుడు ఎటు తిరుగుతాడో చూసే మనిషిలాగా కాక, కూర ఉడికిందో లేదో చూసే మనిషిలాగా నిలబడింది.

ఖాన్ సాబ్ లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి చూడకుండా పక్కకు తిరిగి, మంచాలు బయటికి తొయ్యమని అడిగాడు. మేము ఒకటి తోశాం. ఆయన ఒక పక్క పట్టుకుని లేపబోయాడు, లేవలేదు. గుండ్రం వైపు చూస్తే ఎవరూ కదలలేదు. చివరికి ముసలాయన ఒక్కడే ఈడ్చుకుంటున్నాడని మా బావే లేచి రెండో పక్క పట్టాడు. ఇద్దరూ కలిసి దాన్ని తెచ్చి బయట గోడ పక్కన వేశారు. ఖాన్ సాబ్ దాని మీద కూర్చున్నాడు.

"హుజ్రా అంటె గోడలు గాదు" అన్నాడు. "నా మంచం యాడుంటె గదే హుజ్రా. గా గది ఇగ బీబీది. ఆమె ఇంట్ల ఆడోళ్ళు కూసుంటె మీకేం పరేషాన్?"

తన చేతులతో హుజ్రాను మోసుకొచ్చింది తానేనని మా బావకు కాసేపటి తర్వాత అర్థమైంది. అప్పటికి చాయ వచ్చేసింది.

ఆ రోజు నుంచి మగవాళ్ళు గోడ నీడలో కూర్చునేవాళ్ళు. నీడ జరిగినకొద్దీ మంచాలు జరుపుకునేవాళ్ళు, నీడ అయిపోతే తలకు తువ్వాల కట్టుకునేవాళ్ళు. ఖాన్ సాబ్ మంచం మాత్రం కిటికీ కిందే ఉండేది. లోపలికి రాడు, తొంగి చూడడు, కానీ మాట ఆపడు. స్వప్న వాచకంలోంచి కమల, విమల అని చెబితే, "కమల ఎవలు బిడ్డా? ఏ ఊరామె?" అని కిటికీలోంచి అడిగేవాడు. ఊరూ పేరూ లేని మనుషుల గురించి రాయడం ఆయనకు గిట్టేది కాదు. దానికంటే ఇలం రాయండి, అల్కగా ఉంటుంది అనేవాడు. రాశాం. ఆ తర్వాత బరందు. అంబేలా. డగ్గర్‌కు వత్తు ఉంది, దానికి చాలా రోజులు పట్టింది. మొదట్లో స్వప్న వద్దనేది. కొన్నాళ్ళకు అక్షరం ఎక్కడిదైతే ఏమని ఊరుకుంది. మేము కూడా కమల కంటే ఇలంనే ఇష్టపడ్డాం. కమల పొద్దున లేచి పళ్ళు తోముకోవడం తప్ప ఏమీ చేసేది కాదు. ఇలం మీద మంచు పడేది.

ఒకరోజు నా పలక కిటికీలోంచి ఇమ్మన్నాడు. ఆయనకు ఉరుదు తప్ప తెలుగు చదవడం రాదు. దాని మీద ఆయన కొండ పేరు ఉంది. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. మా పలకలు బయటికి పోతే మగవాళ్ళు వేలితో ఏదో ఒకటి చెరిపి ఇచ్చేవాళ్ళు. ఆయన అంచులు పట్టుకుని, అక్షరాలకు బట్ట తగలకుండా తిరిగి ఇచ్చాడు.

కొన్ని నెలలకు పరీక్ష పెట్టడానికి భూపాలపల్లి నుంచి ఒక సారు వచ్చాడు. అందరం పాసైతే కేంద్రం ఉంటుంది, కాకపోతే లేదు. సంతకం చేయించాడు, లెక్కలు చేయించాడు, బాగానే పోయింది. చివరికి, "మీ జిల్లా గురించి నాలుగు వాక్యాలు రాయండి" అన్నాడు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు మాది వరంగల్ జిల్లా. తర్వాత కాదన్నారు. ములుగు మాలోనే ఉందన్నారు, మళ్ళీ అది వేరే జిల్లా అన్నారు. ఇప్పుడున్న జిల్లా పేరు మా పలక మీద ఒక్క వరుసలో పట్టదు. తప్పుల్లేకుండా రాయగలిగే జిల్లా మాకు ఒక్కటే ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. తలలు వంచి రాశాం.

సారు బీబమ్మ కాగితం తీసుకుని పైకి చదివాడు. మా జిల్లాలో ఇలం కొండ ఉంది. దాని మీద మంచు పడుతుంది. ఆయన చొక్కా చెమటతో వీపుకు అంటుకుని ఉంది. కాగితంతో విసురుకుంటూ, భూపాలపల్లిలో మంచు ఎప్పుడు పడిందమ్మా అని అడిగాడు. ఇంకో కాగితం తీశాడు. ఇలం, మంచు. ఇంకోటి. బరందు నది, మక్క చేన్లు, మంచు. ఆయన ముఖం మారింది. అందరూ ఒకటే రాశారు, చూసి రాశారు, ఇది చదువు కాదు, బట్టీ అన్నాడు. కాగితాలన్నీ ఒక్కటిగా సర్ది పక్కన పెట్టబోయాడు. స్వప్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు బస్టాండు, తల ఊపే మనుషులు కనబడ్డారు.

"నాది సుత జర చదువుండ్రి సారూ" అన్నాను.

నేను నాలుగో వాక్యం సొంతంగా రాశాను. ఎవరూ చెప్పనిది, ఎవరి దగ్గరా చూడనిది. సారు చదివాడు. బునేర్‌లో ఆడవాళ్ళు హుజ్రాలో కూర్చుని చదువుకుంటారు.

బయట మంచం మీంచి మా బావ గొంతు సవరించుకోవడం వినిపించింది. సారుకు ఏమీ అర్థం కాలేదు. ఈ బునేర్ ఎక్కడుంది, ఇది నిజమేనా, ఎవరికి తెలుసు అని అడిగాడు. అందరం కిటికీ వైపు చూపించాం.

ఖాన్ సాబ్ లేచి నిలబడ్డాడు. కిటికీ చువ్వల అవతల ఆయన గడ్డం, కళ్ళద్దాలు మాత్రమే కనబడుతున్నాయి. ఆయన బునేర్‌ను పెంచి చెప్పేవాడు, తుంచి చెప్పేవాడు. ఇంకొకరు దానిలో ఒక మాట చేర్చితే మాత్రం అన్నం మానేసేంత కోపం వచ్చేది. మొదటిసారి కిటికీలోంచి లోపలికి చూశాడు. పలకలను, మమ్మల్ని, ముందు వరుసలో కూర్చున్న బీబమ్మను చూశాడు. ఆమె ఆయన్నే చూస్తోంది.

"నిజమే సారూ" అన్నాడు. "మా ముత్తాత ఆడికెల్లి ఎల్లినంక మొదలైంది."

సారు కాసేపు ఆయన వైపు, నా వైపు చూశాడు. తర్వాత నవ్వు దాచుకోవడానికి తల వంచి, నా కాగితం కింద ఏదో రాశాడు, మిగతా కాగితాల కిందా అదే రాశాడు. నేను బల్లకు ఇవతల ఉన్నాను, కాగితం ఆయన వైపు తిరిగి ఉంది. పాస్ అని రాశాడు. తలకిందులుగా ఉన్నా చదివాను.